తోటబంగళాలో శారదకథ

సమ్మమ్మకు భయం పుట్టుకతోనే వచ్చిందనేవాళ్లు ఊళ్లో. బల్లి చప్పుడు చేసినా ఉలిక్కిపడేది. ఉరుములు మొదలైతే తలుపు గొళ్లెం పెట్టుకుని మూలకు కూర్చునేది. అటువంటి మనిషి కాళ్లకు గజ్జెలు కట్టి, తలకు పాగా చుట్టి, భుజాన తంబుర వేసుకుని నిలబడితే మాత్రం వేరే మనిషే. వేళ్లకు తొడిగిన ఇత్తడి అందెలు టింగుమనిపిస్తూ ఆమె రాజై తీర్పు చెప్పేది, దండనాయకుడై మీసం తిప్పేది. కథ అయిపోయి గజ్జెలు విప్పగానే మళ్లీ పాత సమ్మమ్మ. చీకట్లో దొడ్లోకి పోవాలన్నా మొగుణ్ని తోడు రమ్మనేది.

రఘునాథపల్లి దగ్గర వాళ్లది చిన్న పల్లె. ఆ ఇంట్లో మూడు తరాలుగా శారదకథ చెబుతున్నారు. అసలు కథకుడు ఆమె మొగుడు మొగిలయ్య. గొంతులో గడ్డ లేస్తే వరంగల్ దవాఖానలో ఆపరేషన్ చేశారు. ప్రాణం నిలిచింది గానీ రాగం పోయింది, బొంగురు గొంతు మిగిలింది. ఇంటికొచ్చిన కొన్నాళ్లకు ఆయన తంబుర తీసి ఆమె భుజాన వేశాడు. తను వంతకు కొట్టే చిన్న డోలు, డక్కీ అందుకున్నాడు.

"నాతోని కాదు. జనం మొఖం చూస్తేనే నాకు కాళ్లు వణుకుతై" అందామె.

"వణకనీ. గజ్జెలు మంచిగ మోగుతై" అన్నాడు మొగిలయ్య.

అట్లా మొదలైంది. పన్నెండేళ్లుగా ఆమె చెబుతుంటే ఆయన వంత పలుకుతున్నాడు.

మామిళ్లు పూతకొచ్చిన రోజుల్లో ఒక ఫోను వచ్చింది. ఖిలా వరంగల్ అవతల ఎవరిదో మామిడితోట ఉంది, అందులో బంగళా ఉంది, సార్లందరూ కలిసి దావత్ చేసుకుంటున్నారు, పొద్దుగూకేలోపు ఒక కథ చెప్పి పోవాలి అన్నారు. ఊళ్లో భానుచందర్‌కు ఆటో ఉంది. అతన్ని మాట్లాడుకుని మొగుడూ పెళ్లాలు మధ్యాహ్నం బయల్దేరారు. ఖిలా రాతిగోడ దాటి, మట్టికోట చుట్టు తిరిగి, మట్టిరోడ్డు మీద చాలా దూరం పోయాక గేటు వచ్చింది. నిలువెత్తు ఇనుప గేటు.

కాపలా అతను ఆటోను లోపలికి రానివ్వలేదు. "నువ్ ఈడ్నే ఉండు" అన్నాడు భానుచందర్‌తో. తర్వాత సమ్మమ్మ ముందు ఒక వెదురుబుట్ట పెట్టాడు. "ఫోన్లు ఇండ్ల ఏయుండ్రి. పోయేటప్పుడు ఇస్త."

ఆ బుట్టలో అప్పటికే చాలా ఫోన్లున్నాయి. ఒకటి గుర్రుమని కదులుతోంది. దాని అద్దం మీద చంటిపిల్లాడి బొమ్మ వెలిగి ఆరిపోయింది.

బంగళా ముందు రేకుల పందిరి. అందులో పదీ పన్నెండు మంది ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. తెల్లబట్టలు నలిగిపోయాయి, గడ్డాలు మాశాయి. దావత్ కళ ఎవరి ముఖంలోనూ లేదు. మూలన ముగ్గురు ఆడవాళ్లు. వాళ్లలో చిన్నామె గేటు వైపే చూస్తోంది.

మొగిలయ్య డక్కీ తోలు సవరిస్తున్నట్టు వంగి పెళ్లాం చెవిలో అన్నాడు. "దావత్ కాదే ఇది. క్యాంపు. వీళ్లంత ఎంపీటీసీలు."

సమ్మమ్మకు విషయం తెలిసిపోయింది. మండలాధ్యక్షురాలి మీద అవిశ్వాసం పెట్టారని, సభ్యులందరూ ఊళ్లలో కనిపించడం లేదని నాలుగు రోజులుగా హోటళ్ల దగ్గర జనం చెప్పుకుంటూనే ఉన్నారు. అధ్యక్షురాలిని దింపి ఆ కుర్చీలో తన మనిషిని కూర్చోబెట్టాలని చూస్తున్నది కాంట్రాక్టర్ రమాకాంత్ అనీ చెప్పుకుంటున్నారు. చేతులెత్తే రోజు దాకా ఎవరూ అవతలి వైపు జారిపోకుండా అందరినీ ఒక చోట దాచాడన్నమాట.

రమాకాంత్ తనే ఎదురొచ్చాడు. యాభై ఏళ్లుంటాయి. గొంతు పెంచడు. పక్కన ఇద్దరు పిల్లగాళ్లు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు.

"రా అవ్వా. మావోళ్లకు పొద్దు పోతలేదు. మంచి రాజుల కథ చెప్పు. కత్తులు, కుట్రలు ఉండాలె. ఏడుపు కథ మాత్రం వద్దు" అన్నాడు నవ్వుతూ. ఆ నవ్వు చూసి ఆమెకు ధైర్యం రాలేదు సరికదా, ఉన్నది కాస్తా పోయింది.

రాజులు, కుట్రలు ఉన్న కథల్లో ఆమె నాలుక మీద ఎప్పుడూ ఉండేది నీలాంబ కథ. అత్త దగ్గర నేర్చుకున్నది. మొగుడు పోయిన రాణి నీలాంబ కోటను ఏలుతుంటుంది. ఆడది ఏలడమేమిటని దండనాయకుడు బొల్లమరాజు సామంతులను కూడగడతాడు. ఆ భాగం దాకా కథ బాగానే నడిచింది. కుర్చీల్లో వాళ్లు కదిలి ముందుకు వంగారు. మొగిలయ్య డక్కీ హుషారుగా పలికింది.

అటు తర్వాత ఏముందో నోటికొచ్చాక గానీ సమ్మమ్మకు తట్టలేదు.

"బొల్లమరాజు ఏంజేసిండయ్యా అంటే, సామంతులందరిని తోటబంగళాకు విందుకు పిలిచిండు. పిలిచి తలుపులు మూయించిండు. ముద్దుటుంగరాలు విప్పి పళ్లెంల ఎయ్యమన్నడు, రాణికి వార్త పోకుండ..."

"మన ఫోన్ల లెక్క!" అన్నాడు ముందు వరుసలో ఒక పెద్దమనిషి, ఫక్కున నవ్వి. ఇంకొకరు నవ్వబోయి ఆగిపోయారు. తర్వాత ఎవరూ నవ్వలేదు. కుర్చీలు కిర్రుమన్నాయి. అందరూ ఒకరినొకరు చూసుకుని, చివరికి రమాకాంత్ వైపు చూశారు.

రమాకాంత్ చూపు మాత్రం సమ్మమ్మ మీదే నిలిచింది.

చెమట పాగా కింద నుంచి కంట్లోకి కారుతోంది, తుడుచుకోవడానికి చెయ్యి లేవడం లేదు. కావాలనే చెప్పిందనుకుంటాడా? ఎవరో చెప్పి పంపారనుకుంటాడా? ఆ ఇద్దరు పిల్లగాళ్లలో ఒకడు కట్టిన చేతులు విప్పాడు. తరువాతి మాట రాలేదు.

మొగిలయ్య డక్కీ మీద రెండు దరువులు ఎక్కువ వేశాడు. ఊపిరి తీసుకోమని దానర్థం. వాళ్లిద్దరికే తెలిసిన సైగ అది.

"ఎందుకు మూసిండు తలుపులు?" అని బొంగురు గొంతుతో అడిగాడు.

"ఎందుకంటే..." సమ్మమ్మ తంబుర గట్టిగా మీటింది. "శత్రువు వత్తాండని మూసిండయ్యా! మావోళ్లు పదిలంగ ఉండాల్నని మూసిండు!"

కథ అక్కణ్నుంచి అడ్డం తిరిగింది. ద్రోహి బొల్లమరాజు రక్షకుడైపోయాడు. లేని శత్రువు పుట్టుకొచ్చాడు. ఆమె ఏం చెప్పిందో ఆమెకే గుర్తు లేదు, చివరికి విందులో అందరూ నవ్వారని చెప్పి మంగళం పాడేసింది. రమాకాంత్ చప్పట్లు కొట్టాడు. మిగతావాళ్లూ కొట్టారు.

"మంచిగ మలిపినవ్ అవ్వా" అన్నాడు దగ్గరికొచ్చి, ఆమెకు మాత్రమే వినపడేట్టు. "ఇక్కడ ఎవలున్నరో, ఎవలు లేరో బయట అనొద్దు. సరేనా?"

ఆమె తల ఊపింది. గజ్జెలు వాటంతటవే మోగాయి.

వేషం తియ్యడానికి వెనక గది చూపించారు. సమ్మమ్మ నేల మీద కూలబడి నీళ్లు తాగుతుంటే, చాయ్ గ్లాసులు పట్టుకుని ఆ చిన్నామె లోపలికొచ్చింది. కాలితో తలుపు దగ్గరకు నెట్టింది. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. పేరు రమ, పాలకుర్తి వైపు ఒక ఊరికి ఎంపీటీసీ.

"కథ మార్చినవ్ గదా అవ్వా" అంది. "మా నాయినమ్మ చెప్పించుకునేది ఇదే కథ. అండ్ల ఒకామె బంట్రోతు బట్టలేసుకొని కోట దాటుతది."

"నాకేం తెల్వదు బిడ్డా. మమ్ములను పోనీ."

రమ గ్లాసులు కింద పెట్టింది. "మా బాబుకు డెంగీ. రక్తంల కణాలు పడిపోయినయని ఏదో దవాఖానల ఏసిండ్రు. ఫోన్ గుంజుకునే ముందు ఆఖరికి విన్న మాట అదే. ఒక్క గంట పోయొత్తనన్న. కాళ్లు మొక్కిన. మీటింగ్ అయినంక పో అంటాండు. వాడు ఉన్నడో లేడో కూడా తెల్వదు అవ్వా నాకు."

బుట్టలో ఫోను మీద వెలిగి ఆరిన బొమ్మ సమ్మమ్మ కళ్లలో మెదిలింది. అయినా ఆమె నోటి నుంచి వచ్చింది మాత్రం, "మేమేం జేత్తం బిడ్డా? మేం అడుక్కతినెటోళ్లం" అన్న మాటే.

మొగిలయ్య అప్పటిదాకా గోడకు ఒరిగి ఉన్నాడు. లేచి, తొడిగిన పొడుగంగీ విప్పడం మొదలుపెట్టాడు. తర్వాత పాగా. తర్వాత గజ్జెలు.

"ఏందయ్యా?" అంది సమ్మమ్మ.

"గేటు కాడ ఇద్దరు లోపలికొచ్చిండ్రు. ఇద్దరు బయటికి పోవాలె" అన్నాడు. "మనిషి నా అంతే ఉన్నది. పాగా కొంగు మూతికి చుట్టుకుంటే ఎవలు గుర్తు పడుతరు?"

"నువ్వో?"

"నేను ఆమె మంచంల దుప్పటి కప్పుకొని పండుకుంట. అన్నానికి పిలిచేదాక ఎవలు చూడరు."

"సంపుతరయ్యా నిన్ను!" ఆమె ఆయన చెయ్యి పట్టేసుకుంది. "నువ్వు లేకుంటె నేను ఇంటిదాక కూడ పోలేను. నీకు తెల్వదా?"

"పోతవ్" అన్నాడు. మాట గొరగొరలాడింది. "నా గొంతు పోయిననాడు గూడ గిట్లనే అన్నవ్."

తలనొప్పిగా ఉంది, పడుకుంటానని రమ మిగతా ఇద్దరు ఆడవాళ్లకు చెప్పి వచ్చింది. మొగిలయ్య పెరటి వైపు నుంచి ఆమె గదిలోకి దూరాడు. సమ్మమ్మ తన చేత్తోనే రమకు పాగా చుట్టింది. డక్కీ మెడలో వేసింది. "నడుము ఒంచి నడువు. మాట్లాడకు" అని మాత్రం చెప్పగలిగింది.

బంగళా నుంచి గేటు దాకా తోవకు రెండు పక్కలా మామిడిచెట్లు. పొద్దు వాలుతోంది. వచ్చేటప్పుడు ఆ తోవ ఇంత పొడుగు లేదు. వెనక నుంచి ఎవరో పిలిచినట్టనిపించింది సమ్మమ్మకు. తిరిగి చూడలేదు. చూస్తే కాళ్లు ఆగిపోతాయని తెలుసు.

కాపలా అతను బుట్టలోంచి ఆమె ఫోను ఏరి ఇచ్చాడు. గేటు సగం తెరిచి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగాడు.

"ఏం తాతా, మంచిగ కొట్టినవట. మేం గేటుకాడ్నే ఉంటిమి, చూడకపోతిమి. ఏదీ, ఒక్క దరువెయ్యి."

రమ వంగిన నడుముతో అట్లాగే నిలబడిపోయింది. కాసేపటికి ఆమె చెయ్యి డక్కీ మీద పడింది. ముంత దొర్లినట్టు ఒక చప్పుడు, దాని వెనక ఇంకొకటి. తాళమూ లేదు, దరువూ లేదు.

కాపలా అతను ముఖం చిట్లించాడు. "గిదేంది?"

"తాగిండు బిడ్డా!" అంది సమ్మమ్మ. ఆ మాట ఎక్కణ్నుంచి వచ్చిందో ఆమెకు తెలియదు. గొంతు మాత్రం కథలో దండనాయకుడిది. "మీ సార్లే పోసిండ్రు. కథల వంత తప్పి నా ఇజ్జత్ తీసిండు. ఇంటికి పోనీ, చెప్త వీని పని! నడువ్, నడువ్!" అని రమ వీపు మీద ఒక్కటి చరిచింది.

కాపలా అతను పగలబడి నవ్వాడు. గేటు తెరుచుకుంది.

ఆటో కదిలాక గానీ భానుచందర్‌కు సంగతి తెలియలేదు. అద్దంలో చూసి, పాగా జారిన ఆడమనిషి ముఖం కనపడగానే హ్యాండిల్ వంకర పోనిచ్చాడు. "అవ్వా, ఏం పని జేసినవే! రమాకాంత్ సార్ అంటె ఎవలనుకున్నవ్?" అని మొత్తుకుంటూనే, తన ఫోను తీసి రమకిచ్చాడు. ఆమె ఇంటికి చేసింది. పిల్లవాడు హనుమకొండ దవాఖానలో ఉన్నాడు, తెలివిలో ఉన్నాడు. రమ పాగాను ముఖానికి అదిమి ఏడ్చింది. ఆమెను దవాఖాన ముందు దించి, సమ్మమ్మ ఇంటికి చేరింది.

ఆ ఇంట్లో ఆమె ఒంటరిగా ఉండటం పెళ్లయ్యాక అదే మొదలు. తలుపుకు గొళ్లెం పెట్టి రోలు అడ్డం దొర్లించింది. బండి చప్పుడైతే చాలు, ఊపిరి బిగబట్టేది.

తెల్లవారాక ఫోను మోగింది.

"అవ్వా, మీ ముసలాయన మా కాడ మంచిగున్నడు" అన్నాడు రమాకాంత్. అదే మెత్తని గొంతు. "ఫికర్ చెయ్యకు. ఆమెను ఏ దవాఖాన కాడ దింపినవో చెప్పు. ఆయనను కార్ల పంపిస్త."

చెప్పేస్తే అయిపోతుంది. మాట నాలుక చివరిదాకా వచ్చింది. దవాఖాన పేరు నోట్లోనే ఉంది. "బస్టాండుకాడ దిగింది సార్. యాటు పోయిందో నాకు ఎర్కలేదు" అంది. అన్నాక ఫోను పెట్టేసింది. వాంతి చేసుకుంది.

పోలీసుల దగ్గరికి పోదామా అని భానుచందర్‌ను అడిగింది. "మనం ఆడికి పోయేలోపల్నే ఆయనకు ఎర్కైతది అవ్వా" అన్నాడతను. ఇంక మిగిలిన దారి ఒకటే. మళ్లీ హనుమకొండ పోయింది. పిల్లవాడి మంచం పక్కన కూర్చున్న రమకు చెప్పింది. "నా మనిషిని పట్టుకున్నరు బిడ్డా."

రమ పిల్లవాడి చేతిలోంచి తన చెయ్యి మెల్లగా తీసుకుని బయట వసారాలోకి వచ్చింది. మొగుడి ఫోన్లోంచి రమాకాంత్‌కు తనే చేసింది. సమ్మమ్మ గోడకు ఆనుకుని వింది.

"అన్నా, రమను మాట్లాడుతాన. ఒక్కటే మాట. మీటింగ్‌కు నా అంతట నేనొస్త, నా కాళ్లతోని. నేను రాకుంటె నీకు లెక్క చాలది, నాకు ఎర్కే. కని తాత ముందు ఇల్లు చేరాలె. చేరిండని అవ్వ నాకు ఫోన్ జేసినంకనే నేను కదుల్త."

అవతల అతను ఏదో అన్నాడు. రమ "మాట తప్ప. వస్త" అని పెట్టేసింది.

ఆ సాయంత్రం ఊరి మూలమలుపు దగ్గర ఒక తెల్ల కారు ఆగి, మొగిలయ్యను దించి పోయింది. సమ్మమ్మ పరుగున పోయింది. నిక్షేపంలాగే ఉన్నాడు. కానీ ఆమె ఎడమ పక్కన నిలబడి ఏమయ్యా అని పిలిస్తే పలకలేదు. కుడివైపు వచ్చాక తిరిగి చూశాడు.

"దుప్పటి తీసినోడు పిల్లగాడే. భయపడ్డడు పాపం, నన్ను చూసి. భయంల ఒక్కటి కొట్టిండు" అన్నాడు. "చెవుల తుమ్మెద తిరుగుతున్నట్టుంది. తగ్గుతది."

తగ్గలేదు.

మీటింగు రోజు రమ చెప్పినట్టే వచ్చింది. రమాకాంత్ తలుపు దగ్గరే ఎదురొచ్చి ఆమెకు కుర్చీ చూపించాడట. అధికారి అవిశ్వాసానికి ఒప్పుకునేవాళ్లు చేతులెత్తమన్నాడు. చేతులు లేచాయి. రమ చెయ్యి ఒళ్లోనే ఉంది. ఆ ఒక్క చెయ్యి లేవక అవిశ్వాసం వీగిపోయింది. బయటికొచ్చాక రమాకాంత్ ఆమెను, "మాటిచ్చినవ్ గదా?" అని అడిగాడట.

"వస్తనన్న, వచ్చిన. చెయ్యెత్తుతనని అనలే గదన్నా" అందట రమ.

ఈ సంగతి ఆమె తనే వచ్చి చెప్పింది, కోలుకున్న పిల్లవాణ్ని చంకనేసుకుని. మొగిలయ్య పడీపడీ నవ్వాడు. సమ్మమ్మ నవ్వలేదు.

"మా కోసం ఎత్తలేదా బిడ్డా?" అని భయంగా అడిగింది.

"కాదవ్వా. అధ్యక్షురాలి మీద నాకు గూడ కోపమే ఉండె. మొదట్ల ఎత్తాల్ననే పోయిన. వాళ్లు తాళమేసినంక మనసు ఇరిగింది."

అసలు భయం ఆ తర్వాత మొదలైంది. అన్ని కార్లూ ఆ తెల్ల కారులాగే కనిపించేవి. ఆ ఏడు వాళ్లను కథకు పిలిచినవాళ్లు తక్కువ. పిలుద్దామనుకుని ఎవరితోనో మాట్లాడి మానుకున్నవాళ్లు ఎక్కువ. ఇద్దరూ మిర్చి తోటల్లో కూలికి పోయారు. కాయలు ఏరుతూ ఏరుతూ సమ్మమ్మ ఉన్నట్టుండి తలెత్తి రోడ్డు వైపు చూసేది. మొగిలయ్యా ఆమెతో పాటు చూసేవాడు.

రమాకాంత్ రాలేదు. ఎవరినీ పంపలేదు. ఎందుకు రాలేదో తెలియకపోవడమే ఆమెను ఎక్కువ తినేసింది.

మరుసటేడు ఒక ఊళ్లో బోనాలకు కథ పెట్టించారు. పందిరి ముందు వరుసలో రమాకాంత్ కూర్చుని ఉన్నాడు. పక్క కుర్చీలో, అతను దింపాలని చూసిన ఆ మండలాధ్యక్షురాలే. ఇద్దరూ ఇప్పుడు ఒకే పార్టీ. ఒకరి చెవిలో ఒకరు ఏదో చెప్పుకుని నవ్వుకుంటున్నారు.

గజ్జెలు కట్టుకుంటున్న సమ్మమ్మను చూసి అతను లేచి వచ్చాడు. రెండు చేతులూ జోడించాడు. "బాగున్నవా అవ్వా? తాత బాగున్నడా? కథ వినక శానా రోజులాయె" అన్నాడు, పాత చుట్టాన్ని పలకరించినట్టు.

అతను తిట్టి ఉంటే అంత భయం వేసేది కాదు. "బాగున్నం సార్" అంది.

"ఏం కథ ఇయ్యాల?"

సమ్మమ్మ గజ్జెల ముడి బిగించింది. మొగిలయ్య వైపు చూసింది. ఆయనకు మాట వినిపించలేదు. డక్కీ మెడలో వేసుకుంటున్నాడు. ఆమె చుట్టు తిరిగి వచ్చి, ఆయన కుడి పక్కన నిలబడి తంబుర శ్రుతి చేసుకుంది.

"నీలాంబ కథ" అంది ఆయన చెవిలో. "అత్తమ్మ నేర్పినట్టే."

మొగిలయ్య ఆమె కాళ్ల వైపు చూశాడు. గజ్జెలు ఆగకుండా మోగుతున్నాయి.